మీ యాప్‌ను ముందు మా ఏడు వేల రూపాయల ఫోనులో నడిపి చూడండి

ప్రభుత్వ యాప్‌లకు ఆమోదం తెలిపే శాఖాధిపతులకు, వాటిని తయారుచేసే కంపెనీల ఇంజినీర్లకు బహిరంగ లేఖ

అయ్యలారా, అమ్మలారా, నమస్కారం.

నేను శ్రీకాకుళం జిల్లా నరసన్నపేటలో సెల్‌ఫోన్లు బాగుచేస్తాను. పగిలిన డిస్‌ప్లే మార్చడం, వదులైన చార్జింగ్ పిన్ వేయడం, ఉబ్బిన బ్యాటరీ తీసి కొత్తది పెట్టడం నా పని. కొన్నేళ్లుగా ఇందులో ఒక కొత్త రకం వచ్చి చేరింది. ఫోను తెచ్చి టేబుల్ మీద పెడతారు. పగల్లేదు, తడవలేదు, చార్జింగ్ ఎక్కుతోంది, మాట వినిపిస్తోంది. ఏమైందని అడిగితే, "ఏటో బావూ, ఆఫీసులో ఫోను మార్చీమన్నారు" అంటారు. విప్పి చూడ్డానికి అందులో ఏమీ ఉండదు. ఫోను బాగానే ఉంది. మీరు ఎక్కించుకోమన్న యాప్ అందులో నడవడం లేదు, అంతే.

కొత్త ఫోను కొనుక్కోమనే సలహా ఏ ప్రభుత్వ కార్యాలయంలోనూ ఏ కూలిమనిషికీ వినబడకూడదన్నది నా వాదన. నిజానికి కొనుక్కుంటే లాభపడేది నేనే. నా దుకాణంలో కొత్త ఫోన్లూ అమ్ముతాను, ఫైనాన్సులోనూ ఇప్పిస్తాను. అయినా ఈ మాట అనాల్సి వస్తోంది.

చవక ఫోను మీద మీకు చిన్నచూపు ఉందేమో, నాకు లేదు. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకయ్యాక మా జిల్లా వాళ్లు ఆ ఏడెనిమిది వేల టచ్ ఫోనుతో ఎంత బతుకు గడిపారో నేను దగ్గరుండి చూశాను. గుజరాత్‌లోని వెరావల్‌కి చేపలవేటకి పోయిన మొగుడు అందులోనే బిడ్డ మొహం చూశాడు. కరోనా రోజుల్లో ముగ్గురు పిల్లలు ఒకే ఫోను వంతులేసుకుని పాఠాలు విన్నారు. కళింగపట్నం ఒడ్డున చేపల తట్ట పక్కన క్యూఆర్ కోడ్ బిళ్ల పెట్టుకున్న ముసలమ్మ చేతిలో ఉన్నదీ అదే. వానలో తడిసి, కింద పడి, పక్కింటి చార్జరు పెట్టించుకుని నాలుగేళ్లు పనిచేసిన వస్తువు అది. ఇన్ని చేసిన ఫోను మీ ఫారం ఒక్కటి నింపలేకపోతోందంటే అనుమానం ఎవరి మీద రావాలి?

ముందు ధర సంగతి. 2025–26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకి 307 రూపాయలు. ఏడు వేల ఫోనంటే ఇరవై మూడు రోజుల కూలి. అదీ అన్ని రోజులూ పని దొరికి, ఇంట్లో పొయ్యి వెలిగించకుండా ఉంటే. ఆ ధరలోనే 18 శాతం జీఎస్‌టీ కలిసి ఉంటుంది. 2020 మార్చి దాకా అది 12 శాతమే. 2025 సెప్టెంబరులో ఏసీలకీ పెద్ద టీవీలకీ 28 నుంచి 18కి దించినప్పుడు ఫోన్ల జోలికి ఎవరూ రాలేదు. అంటే ఇప్పుడు ఏసీకీ, కూలివాడి ఏడు వేల ఫోనుకీ ఒకటే పన్ను. ఆ ఏడు వేలలో వెయ్యి రూపాయల పైన, అంటే మూడున్నర రోజుల కూలి, ఫోను ఆన్ చెయ్యకముందే మీ ఖజానాకి చేరిపోయింది. ఫోను మార్చుకోమని చెప్పేవాళ్లకి ఈ లెక్క ఎవరూ చెప్పినట్టు లేదు.

ఇక అసలు విషయం. ఒక్కదాన్ని వివరంగా చెప్తాను, ఎందుకంటే మీ ఖరీదైన ఫోన్లలో ఇది మీకు ఎప్పటికీ కనబడదు.

ర్యామ్ అంటే నడుస్తున్న యాప్‌లని ఫోను పట్టి ఉంచే చోటు. రెండు జీబీ ర్యామ్ ఉన్న ఫోనులో సగానికి పైగా ఆండ్రాయిడే వాడేసుకుంటుంది. మిగిలిన చోటులో రెండు బరువైన యాప్‌లు ఒకేసారి ఇమడవు. అందుకని మనం ఒక యాప్‌లోంచి బయటికి రాగానే ఆండ్రాయిడ్ దాన్ని వెనకాల ఆపేస్తుంది. అది తప్పేమీ కాదు, ఆపకపోతే ఫోనే హ్యాంగ్ అవుతుంది. ఇప్పుడు మీ దరఖాస్తు తీసుకోండి. పేరు, తండ్రి పేరు, సర్వే నంబరు, బ్యాంకు ఖాతా, ఐఎఫ్‌ఎస్‌సీ కోడు, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ నా దగ్గరికొచ్చిన ఒకావిడ కొట్టింది. ఓటీపీ వచ్చింది. చూడ్డానికి మెసేజీల్లోకి వెళ్లింది. ఆరంకెలూ నోట్లో అనుకుంటూ వెనక్కి వచ్చింది. యాప్ మళ్లీ మొదటినుంచి, లోగోతో, తెరుచుకుంది. కొట్టిందేదీ లేదు. మళ్లీ కొట్టింది. ఈసారి ఓటీపీ గడువు దాటింది. "దాన్ని సూసొచ్చీసరికి అంతా సెరిగిపోతంది బావూ, నా సేతిలోనే ఏదో ఉన్నాది" అంది. ఆమె చేతిలో ఏమీ లేదు. అదే ఫోనులో అదే ఫారం నేను నింపినా అలాగే చెరిగింది.

పైనుంచి కిందికి లాగితే నోటిఫికేషన్‌లోనే ఓటీపీ కనబడుతుంది కదా అంటారు మీరు. ఆ కిటుకు తెలిసినవాళ్లు నా దగ్గరికి రారు, మీ దగ్గరికీ రారు.

దీనికి మందు లేకపోలేదు. తక్కువ ర్యామ్ ఉన్నప్పుడు యాప్ ఆగిపోతుందని ఆండ్రాయిడ్ తయారుచేసినవాళ్లే మొదటినుంచీ చెబుతున్నారు. ఆగిపోయే ముందు ఫారంలో ఉన్నదంతా దాచుకుని, తెరవగానే తిరిగి చూపించే ఏర్పాటు కూడా వాళ్లే ఇచ్చారు. మెసేజీలన్నీ చదివే అనుమతి అడక్కుండానే ఓటీపీని యాప్ తనంతట తాను అందుకునే పద్ధతి ఉంది. బ్యాంకుల యాప్‌లు కొన్ని చక్కగా వాడుతున్నాయి. ఇంజినీరు గారూ, మీరు నేర్చుకున్న మొదటి పాఠాల్లోదే ఇది. మీకు చేతకాదని నేను అనుకోను. రెండు జీబీ ఫోను చేతిలో పెట్టి పరీక్షించమని మిమ్మల్ని ఎవరూ అడగలేదు.

తర్వాతది స్టోరేజీ. పెట్టె మీద 32 జీబీ అని రాస్తారు. కొన్న రోజునే దాదాపు సగం ఆండ్రాయిడ్‌కీ, కంపెనీవాళ్లు ముందే ఎక్కించిన ఆటలకీ షాపింగ్ యాప్‌లకీ పోతుంది. వాటిలో కొన్నింటిని తీయడానికి కూడా కుదరదు. మిగతాది వాట్సాప్ నింపుతుంది. పైడితల్లమ్మ సిరిమానోత్సవం జరిగిన మర్నాడు విజయనగరంలో మా సాటి దుకాణాలకి ఫోన్లు కట్టకట్టుకుని వస్తాయి. ఒకే సిరిమాను వీడియో నాలుగు గ్రూపుల్లోంచి నాలుగుసార్లు దిగి ఉంటుంది. నవ్వుకోండి, పరవాలేదు. పైడితల్లమ్మ వీడియో చెరిపేసి మీ యాప్ ఎక్కించుకోమని చెప్పడానికి నాకు మాత్రం నోరు రాదు.

ఫోను నిండితే కేవలం చోటు లేకపోవడమే కాదు, నడకే మారిపోతుంది. చవక ఫోన్లలో ఉండేది ఈఎంఎంసీ రకం మెమరీ. ఖాళీ తగ్గేకొద్దీ, కొత్తది రాయడానికి అది పాత ముక్కల్ని సర్ది, చెరిపి, చోటు చేసుకోవాలి. అందుకే తొంభై శాతం నిండిన ఫోనులో ఫోటో తీస్తే ఆ గుండ్రం తిరుగుతూనే ఉంటుంది. అలాంటి ఫోనులోకి మీరు శాఖకొక యాప్ చొప్పున దింపుతారు. ఒక్కోదానిలో మంత్రుల ఫోటోలు, కదిలే బొమ్మలు, తెరవగానే స్వాగత గీతాలు. నాలుగు ప్రశ్నలు, ఒక ఫోటో, ఒక బటన్ ఉండాల్సిన యాప్ అంత బరువెందుకు తూగాలి? ఆ పని మామూలు వెబ్ పేజీతో అయిపోతుంది.

పైగా అప్‌డేట్ చేస్తే గానీ ముందుకు పోనివ్వదు. అదీ గడువు తేదీకి ఒక రోజు ముందు. ఈకేవైసీకి ఆఖరి రోజని మైకులో చాటించిన ఉదయం, సచివాలయం అరుగు మీద అందరి ఫోన్లలోనూ అప్‌డేట్ ఒక్కసారే దిగుతూ ఉంటుంది. ఆ పూటకి టవరు కూడా మూలుగుతుంది.

ఇక్కడ ఒక మంచి మాట కూడా చెప్పాలి. 2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం మన మిత్ర పేరుతో వాట్సాప్‌లోనే 161 సేవలు మొదలుపెట్టింది. కొత్త యాప్ ఎక్కించుకోమనకుండా, జనం ఫోనులో ఉన్నదాంట్లోకే తాను రావడం తెలివైన పని. నాకు నచ్చింది. అయితే అదే నెల 1వ తేదీనుంచి వాట్సాప్ పాత ఆండ్రాయిడ్ 4.4 ఫోన్లలో పనిచేయడం మానేసింది. అలాంటి ఫోన్లు ఇప్పుడు తక్కువే మిగిలాయి, కాదనను. కానీ ఆ మెట్టు ఏటేటా పైకి జరుగుతూనే ఉంటుంది. దాన్ని జరిపేది మీరు కాదు, ఎక్కడో విదేశంలో ఉన్న కంపెనీ. కాబట్టి దారి మొత్తం దానిమీదే వెయ్యకండి.

వేళ్ల గురించి రాయకపోతే ఈ ఉత్తరం సగమే అవుతుంది. టచ్ తెరలో కంటికి కనబడని సన్నని తీగల వల ఉంటుంది. మనిషి ఒంటికి విద్యుత్తును పట్టే గుణం ఉంది గనక, వేలు దగ్గరికి రాగానే ఆ చోట మార్పు వస్తుంది, దాన్ని బట్టి ఫోను ఎక్కడ నొక్కారో కనిపెడుతుంది. మెత్తని వేళ్లకి ఇది ఇట్టే పనిచేస్తుంది. ఎండి, కాయలు కాసిన వేలిని చవక తెర సరిగ్గా గుర్తించదు. తడి వేలిని పెడితే నొక్కనిచోట నొక్కినట్టు తీసుకుంటుంది. ఊడ్పుల్లోంచి వచ్చిన ఆడవాళ్లు, వల లాగి వచ్చిన మగవాళ్లు నా దుకాణంలో చిటికెన వేలితోనో, వేలి కణుపుతోనో ఫోను నొక్కడం రోజూ చూస్తాను. పలాస–కాశీబుగ్గలో జీడిపిక్కలు కొట్టి పప్పు తీసేవాళ్ల సంగతి ఇంకా వేరు. పిక్క తొక్కలో ఉండే నూనె చర్మాన్ని కాలుస్తుంది, వేళ్ల మీద పొరలు ఊడిపోతాయి. వాళ్లకి వేలిముద్ర పడదు. సరే, ముఖం చూపించమంటారు. అయిదు మెగాపిక్సెళ్ల ముందు కెమెరా, తెల్లవారుజాము వెలుతురు, ఎదురుగా గుండ్రం, కళ్లు ఆర్పమని ఇంగ్లీషులో ఒక ముక్క.

ఇంగ్లీషు అన్నాను కదా. ఐఎస్ 16333 అని భారత ప్రమాణం ఒకటి ఉంది. దాని ప్రకారం ఈ దేశంలో అమ్మే ప్రతి ఫోనూ 22 భాషల అక్షరాలనూ చూపించగలగాలి. ఏడు వేల ఫోనూ చూపిస్తోంది. అది తన బాధ్యత నెరవేర్చింది. మీ యాప్ మొదటి పేజీ తెలుగులో ఉంటుంది, బాగుంది. ఏదైనా తేడా వచ్చినప్పుడు మాత్రం "సమ్‌థింగ్ వెంట్ రాంగ్" అంటుంది. మనిషికి తన భాష ఎక్కువ అవసరం పడేది సరిగ్గా ఆ క్షణంలోనే.

ఒక మనిషికి ఒక ఫోను, ఒక నంబరు ఉంటాయన్న లెక్కతో మీరు అన్నీ కడుతున్నారు. మా తీరంలో ఇంటికి ఒకటే ఫోను. ఎచ్చెర్ల, రణస్థలం, గార వైపు మత్స్యకారుల ఊళ్లలో మగవాళ్లు ఏటా వెరావల్ వెళ్తారు, మళ్లీ వేసవికి వస్తారు. ఇంటిల్లిపాది ఆధార్‌కీ అతని నంబరే ఇచ్చి ఉంటారు. సిమ్ అతనితో పాటు బోటు ఎక్కుతుంది. ఇక్కడ భార్య సచివాలయంలో కూచుంటే ఓటీపీ అరేబియా సముద్రంలోకి పోతుంది. తీరం వదిలాక అక్కడ సిగ్నల్ ఉండదు. బోటు ఒడ్డుకు చేరేసరికి రోజులు గడిచిపోతాయి, మీ ఓటీపీ ఆయుష్షు నిమిషాలు. కుదరక అతను రీచార్జి ఆపేసి అక్కడి సిమ్ తీసుకున్నాడనుకోండి, మూడు నెలలు వాడకం లేకపోతే ఈ నంబరు ఆగిపోతుంది, ఇంకొన్నాళ్లకి ఎవరికో వెళ్తుంది. ఆ తర్వాత ఈ కుటుంబం తాలూకు ఓటీపీలు ఊరూ పేరూ తెలియని మనిషికి చేరతాయి. దీన్ని ఫోను రిపేరు చేసేవాడు ఎలా బాగుచేస్తాడు చెప్పండి.

ఉపాధి పనికాడ కూలీల హాజరు చూసే మేటు కష్టం మరో రకం. ఎన్ఎంఎంఎస్ అనే హాజరు యాప్‌లో రోజుకి రెండుసార్లు కూలీల ఫోటో, ఆ స్థలం గుర్తుతో సహా ఎక్కించాలన్న పద్ధతి 2023 జనవరి 1 నుంచి అన్ని పనిస్థలాలకూ తప్పనిసరి చేశారు. ఫోను మాత్రం మేటు సొంతం, డేటా సొంతం. మే నెల ఎండలో ఆ చవక ఎల్‌సీడీ తెర మీద ఏముందో కనబడదు, తలమీద తువ్వాలు కప్పుకుని లోపల చూడాలి. ఫోను వేడెక్కి వెలుతురు తనంతట తాను తగ్గించుకుంటుంది. మెళియాపుట్టి, మందస కొండల పక్క ఊళ్లలో ఫోటో తీయడం ఒకచోట, అది ఎక్కేది మరొకచోట. ఫోటో పడకపోతే మస్టరులో హాజరు ఉండదు, తట్ట మోసిన కూలి గాల్లో కలుస్తుంది. పోనీ దొంగ హాజర్లు ఆగాయా అంటే, ఫోటోకి ఫోటో తీసి పెడుతున్నారని, పనికి సంబంధం లేని బొమ్మలు ఎక్కిస్తున్నారని 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే సర్క్యులర్ రాసింది. మోసగాడికి ఏ ఫోనైనా సరిపోతుంది. నిజంగా పనిచేయించే మేటుకే మంచి ఫోను కావలసి వస్తోంది.

అంగన్‌వాడీ అక్కలదీ ఇంతే. 2021లో వచ్చిన పోషణ్ ట్రాకర్ యాప్‌లో 2025 జులై 1 నుంచి ఇంటికిచ్చే సరుకులకి తల్లుల ముఖ గుర్తింపు కూడా తప్పనిసరి చేశారు. సరుకు ఎదురుగా ఉంటుంది, తల్లి ఎదురుగా ఉంటుంది, మధ్యలో ఫోనులో గుండ్రం తిరుగుతూ ఉంటుంది. జీతంలోంచి డేటా వేయించుకునే మనిషిని మీరు ఉద్యోగ పనికి సొంత ఫోను వాడమంటే, ఆ ఫోను బాగుచేయించే ఖర్చు ఎవరిదో కూడా రాతపూర్వకంగా చెప్పండి.

తుపానులు మీకు గుర్తున్నాయో లేదో. 2018 అక్టోబరు 11న తిత్లీ వజ్రపుకొత్తూరు దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి, ఊళ్లకి రోజుల తరబడి కరెంటు లేదు. టచ్ ఫోను ఒకటిన్నర రోజుకి చల్లారిపోయింది. అప్పుడు ఆదుకున్నది అటక మీది బటన్ ఫోను. పంట నష్టమైనా, ఇల్లు నష్టమైనా, మనిషి అర్జీ పెట్టుకోవాల్సింది సరిగ్గా అలాంటి రోజుల్లోనే కదా.

ఇంటర్నెట్ లేకపోతే ఏమీ చేయలేమని మాత్రం అనకండి. స్టార్ 99 హ్యాష్ కొడితే ఏ ఫోనులోనైనా బ్యాంకు నిల్వ తెలుస్తుంది, డబ్బు పంపొచ్చు. 2022 మార్చిలో రిజర్వు బ్యాంకు యూపీఐ 123పే తెచ్చింది, అది బటన్ ఫోను కోసమే. గ్యాస్ బండ మిస్డ్ కాల్‌తో బుక్ అవుతోంది. ఆ బండ నాలుగో రోజున ఇంటికి వస్తోంది కూడా. ఈ దారులు వేసిందీ ఈ దేశపు ఇంజినీర్లే. యాప్ పెట్టండి, వద్దనను. దాని పక్కనే ఒక ఎస్ఎమ్ఎస్ దారి, ఒక కాగితం దారి తెరిచి ఉంచండి. యాప్ ఎక్కలేదన్న కారణంతో ఎవరి పింఛనూ, ఎవరి మస్టరూ, ఎవరి ధాన్యం డబ్బూ ఆపకూడదని జీవోలో ఒక వాక్యం రాయండి.

ఫోను కంపెనీలని అడగాల్సింది కూడా మీరే, మా మాట వాళ్లు వినరు. ఏడు వేల ఫోనుకి డిస్‌ప్లే పోతే, డిస్‌ప్లే, టచ్ కలిసొచ్చే కాంబోకి పదిహేను వందల దాకా అవుతుంది. మోడల్ వచ్చి రెండేళ్లు దాటితే అసలుది దొరకదు, దొరికిన డూప్లికేట్‌లో టచ్ ఇంకా అధ్వాన్నం. యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి చట్టం వచ్చింది. అమ్మకం ఆపేశాక కూడా కనీసం అయిదేళ్లు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఇవ్వాలి, ఏడేళ్లు విడిభాగాలు అందుబాటులో ఉంచాలి. ఇక్కడ ఏ వస్తువు ఎంత తేలిగ్గా బాగవుతుందో మార్కులు వేయడం గురించి కేంద్రం 2024లో కమిటీ వేసింది, నివేదిక కూడా వచ్చింది. ఆ నివేదికని అమలు దాకా తెచ్చే పని మీలో ఎవరిదో వారు చూడండి. నా గిరాకీ తగ్గుతుందని భయపడకండి, విడిభాగాలు దొరికితే నా గిరాకీ పెరుగుతుంది.

చివరగా నేను అడిగేది ఒక్కటే షరతు. ఏ యాప్‌కైనా బిల్లు చెల్లించేముందు, రెండు జీబీ ర్యామ్, 32 జీబీ స్టోరేజీ, నాలుగేళ్ల వయసు, తొంభై శాతం నిండిన ఫోనులో, ఒకే గీత సిగ్నల్‌లో, దాన్ని తయారుచేసిన ఇంజినీరూ ఆమోదించే అధికారీ కలిసి మొత్తం దరఖాస్తు పూర్తి చేసి చూపించాలి. టెండరు కాగితంలోనే ఆ మాట ఉండాలి. అలాంటి ఫోన్లు మీ దగ్గర ఉండవని నాకు తెలుసు. బాగుచేయమని ఇచ్చి తీసుకెళ్లనివి నా డ్రాయరులో ఉన్నాయి. వాటిలోంచి సొంతదారు వివరాలన్నీ చెరిపేశాను, సిరిమాను వీడియోలు కావాలంటే మళ్లీ ఎక్కించి ఇస్తాను. అద్దె అడగను. ఆదివారం దుకాణం మూసేస్తాను, మిగతా రోజుల్లో పొద్దున్న తొమ్మిది నుంచి ఉంటాను. ఎవరైనా సరే రండి, మీ సొంత ఫోను మాత్రం కారులో వదిలి రండి.

ఇట్లు,
సెల్ రిపేరు చేసుకునేవాడు,
నరసన్నపేట, శ్రీకాకుళం జిల్లా